ఫాస్ఫేట్: మూడు టెస్టులు, మూడు నంబర్లు. ఏది నమ్మాలి?

ఉప్పునీటి కొత్తోడు:

అందరికీ నమస్తే. నా రీఫ్ ట్యాంకు (పగడాలు పెంచే ఉప్పునీటి అక్వేరియం) కింద ఫిల్టరుండే సంపుతో కలిపి 200 లీటర్లు, పెట్టి పద్నాలుగు నెలలైంది. చేపల్లో రెండు క్లౌన్లు, ఒక గోబీ, ఒక బ్లెన్నీ. పగడాల్లో జోవాలు, రెండు హామర్లు, ఒక బర్డ్స్‌నెస్ట్ ఉన్నాయి. నైట్రేట్ 8 పీపీఎం (లీటరుకు మిల్లీగ్రాములు), ఆల్కలినిటీ (నీటి క్షారత్వం) 8.2 దగ్గర నిలకడగా ఉంది. అంతవరకు టెన్షన్ లేదు.

గొడవంతా ఫాస్ఫేట్‌తోనే. రెండు నెలలుగా రాళ్ళ మీద హెయిర్ ఆల్గే, అంటే వెంట్రుకల్లాంటి నాచు, పచ్చికలా పెరుగుతోంది, ఎంత పీకినా వారంలో మళ్ళీ వస్తోంది. చుక్కలు వేసి రంగు కార్డుతో పోల్చే కిట్ ఉంది నా దగ్గర, అందులో ఎప్పుడు చూసినా సున్నానే. సున్నా అయితే ఈ ఆల్గే గాలి తిని బతుకుతోందా అని అనుమానం వచ్చి, మొన్న చేతిలో పట్టే చిన్న కలరీమీటర్ (నీటి రంగును కొలిచే మీటర్) తెప్పించా. అది 46 చూపించింది. పీపీబీ, అంటే పీపీఎంలో వెయ్యో వంతు, కాబట్టి 0.046 పీపీఎం, అందరూ చెప్పే 0.03 నుంచి 0.1 మధ్యలోనే ఉంది కదా అని సంతోషపడ్డా. నమ్మకం కుదరక అదే సాయంత్రం ఇంకో రెండుసార్లు చేస్తే ఒకసారి 31, ఒకసారి 52. నిన్న ఫ్రెండ్ తన మీటర్ తీసుకొచ్చాడు, అది వేరే మోడల్, అందులో 0.14 వచ్చింది!

ఒకే ట్యాంకు, అవే నీళ్ళు. ఒకటేమో సున్నా, ఒకటేమో 0.046, ఇంకొకటేమో 0.14. జీఎఫ్ఓ (ఫాస్ఫేట్‌ను పట్టుకునే ఐరన్ ఆక్సైడ్ గుళికలు) ఒక కప్పు కడిగి, వాటిలోంచి నీళ్ళు పారించే రియాక్టర్ పక్కనే రెడీగా పెట్టా. రేపు పొద్దున వేసేద్దామనుకుంటున్నా, ఆపేవాళ్ళెవరైనా ఉంటే ఇవాళే ఆపండి.


పగడాల తాత:

ఆపుతున్నా. ఆ కప్పు పక్కన పెట్టు నాయనా, ముందు నంబర్ల సంగతి చూద్దాం.

నీ మీటర్ అబద్ధం చెప్పలేదు, నీ ఫ్రెండ్ మీటరూ చెప్పలేదు. రెండూ ఒకే మాట అంటున్నాయి, కాకపోతే వేర్వేరు భాషల్లో. నీది పీపీబీలో చూపిస్తోందంటే అది ఫాస్ఫేట్ కాదు, ఫాస్ఫరస్ అయి ఉంటుంది. బాక్సు మీద ఒకసారి సరిగ్గా చదువు. ఉదాహరణకు హన్నా వాళ్ళ హెచ్ఐ736 ఫాస్ఫరస్‌ను పీపీబీలో 0 నుంచి 200 వరకు చూపిస్తుంది, హెచ్ఐ774 మాత్రం ఫాస్ఫేట్‌ను నేరుగా పీపీఎంలో 0.90 వరకు చూపిస్తుంది. ఫాస్ఫరస్ అంటే ఆ ఒక్క పరమాణువు బరువు, 31. దానికి నాలుగు ఆక్సిజన్లు తగిలించుకుంటే ఫాస్ఫేట్, 95. అందుకే ఫాస్ఫరస్ నంబర్‌ను 3.066తో గుణించి, వెయ్యితో భాగిస్తే గానీ మనం మాట్లాడుకునే ఫాస్ఫేట్ పీపీఎం రాదు.

ఇప్పుడు నీ 46ను గుణించు. 141. అంటే 0.141 పీపీఎం. నీ ఫ్రెండ్ మీటర్ ఎంత చూపించింది? 0.14. మూడు నంబర్లు అన్నావు గానీ నీ దగ్గరున్నవి ఒకటిన్నర.

ఆ మిగిలిన సగం రంగు కార్డు. దాంట్లో సున్నా తర్వాతి గడి ఎంత ఉందో చూడు, చాలా కిట్లలో 0.25 ఉంటుంది. అది మంచినీళ్ళ ట్యాంకులకు చాలు, అక్కడ అర పీపీఎం ఉన్నా ఎవరూ నిద్ర మానుకోరు. రీఫ్‌లో మనం కొట్టుకునేదంతా 0.02కీ 0.15కీ మధ్యలో, ఆ ఇరుకులో నీ కార్డుకు ఒక్క గడి కూడా లేదు. 0.14 అంటే దాని లెక్కలో సున్నాకీ పావుకీ మధ్య ఎక్కడో ఉండే లేత నీలం, మన కంటికి అది సున్నాలాగే కనిపిస్తుంది, పైగా ట్యాంకు నీలం లైటు కింద నిలబడి చూశావనుకో ఇంక చెప్పేదేముంది.


ఉప్పునీటి కొత్తోడు:

తాతగారూ, బాక్సు చూశా. ఫాస్ఫరస్ అనే ఉంది. కొన్నప్పటి నుంచి తప్పు చదువుతున్నా. సిగ్గుగా ఉంది.

కార్డులో సున్నా పక్కన 0.25నే. నీలం లైటు సంగతి కూడా నిజమే.

మరి 31, 52 ఎందుకొచ్చాయి? 31ని గుణిస్తే 0.095, 52ని గుణిస్తే 0.16. అరగంటలో ట్యాంకు ఇంత మారదు కదా.


ల్యాబ్ పిల్ల:

మారదు. మారింది మీ చెయ్యి. నేను పనిచేసేది నీటి పరీక్షల ల్యాబులో, అక్కడ పెద్ద మిషన్ మీద చేసే ఫాస్ఫేట్ టెస్టు, మీ చేతిలోని చిన్న డబ్బా చేసే టెస్టు రెండూ మూలంలో ఒకటే. ఆమ్లంలో మాలిబ్డేట్ కలిపితే నీళ్ళలోని ఫాస్ఫేట్‌తో జతకడుతుంది, ఆ జతను విటమిన్ సీ, అంటే ఆస్కార్బిక్ ఆమ్లం, నీలంగా మారుస్తుంది. ఫాస్ఫేట్ ఎంత ఎక్కువుంటే నీలం అంత చిక్కన. యాంటిమొనీ కొంచెం చేర్చి రంగు త్వరగా తేలేలా, ఒకే ద్రావణంతో పని అయ్యేలా మర్ఫీ, రైలీ 1962లో ఈ పద్ధతిని సరిచేశారు, ఇప్పటికీ ప్రపంచమంతా దాని మీదే నడుస్తోంది. మీ ప్యాకెట్లో ఉన్న పొడి కూడా ఆ బాపతే.

ఇక్కడ తెలుసుకోవలసింది ఏంటంటే, మీటర్ కొలిచేది ఫాస్ఫేట్‌ను కాదు, సీసాలోంచి ఎంత వెలుతురు అవతలికి దాటిందో దాన్ని. వెలుతురుకు అడ్డం వచ్చిన ప్రతిదీ దానికి ఫాస్ఫేట్‌లాగే కనిపిస్తుంది. సీసా మీద వేలిముద్ర, లోపలి గోడకు అంటుకున్న గాలి బుడగ, కరగని పొడి నలుసు, గాజు మీద గీత, ఏదైనా సరే. ముద్ర పొడి వేశాక రెండోసారి పెట్టేటప్పుడు పడితే నంబర్ పెరుగుతుంది. పొడి వేయకముందు మీటర్‌ను సున్నా చేసేటప్పుడు పడి, తర్వాత మీరు శుభ్రంగా తుడిచారనుకోండి, నంబర్ తగ్గుతుంది. ఎక్కువ తుడవడం వల్ల తక్కువ చూపించడం అనేది నేను ల్యాబులో కూడా చూశా, నవ్వొస్తుంది గానీ నిజం.

మీ 31కి నా అనుమానం పొడి మీద. ప్యాకెట్ మూలల్లో పొడి మిగిలిపోతుంది. కత్తిరించి, అంచులు నొక్కి గరాటులా చేసి, వేలితో తట్టి మొత్తం దింపండి. దించాక రెండు నిమిషాలు మెల్లగా ఊపండి, గిలక్కొట్టకండి, గిలక్కొడితే బుడగలే బుడగలు. 52 అయితే బుడగో నలుసో, లేదంటే ఆలస్యంగా చూడడం. రంగు ఒక్కసారిగా వచ్చి ఆగిపోదు, నిమిషాల తరబడి ముదురుతూనే ఉంటుంది, కాబట్టి మూడు నిమిషాలకు చూడమంటే మూడుకే చూడాలి. ఫోన్ వచ్చిందని లేచివెళ్ళి ఎనిమిదో నిమిషంలో చూసిన నంబర్ వేరే టెస్టు కింద లెక్క.

సీసాను ప్రతిసారీ ఒకే వైపు తిప్పి పెట్టండి, అసలు సున్నాకూ రీడింగ్‌కూ ఒకే సీసా వాడితే సగం గొడవ పోతుంది. కడగడానికి గిన్నెల సబ్బు వద్దు, కొన్ని సబ్బుల్లో ఫాస్ఫేట్ ఉంటుంది, తర్వాత దాన్నే కొలుచుకుంటూ కూర్చుంటారు. టెస్టు అవ్వగానే పారబోసి, ఆర్‌ఓ నీళ్ళతో మూడుసార్లు తొలిపి, మళ్ళీ చేసేముందు ట్యాంకు నీళ్ళతో రెండుసార్లు తొలిపితే చాలు. రీజెంట్ (టెస్టు పొడి) కలిపిన నీళ్ళు అలాగే ఉంచేస్తే గాజుకు నీలం పొర పడుతుంది.

ఇంకొకటి. ఎంత బాగా చేసినా ఈ చిన్న మీటర్లకు ఒక హద్దు ఉంది. హెచ్ఐ736 మీద రాసి ఉండేది 5 పీపీబీ, దానిపైన రీడింగ్‌లో 5 శాతం అటూ ఇటూ. మీ 46కి అది దాదాపు 7. అంటే నిజం 39 నుంచి 53 లోపల ఎక్కడైనా ఉండొచ్చు, ఫాస్ఫేట్‌లో చెప్పాలంటే 0.12 నుంచి 0.16. కాబట్టి 46, 52 మధ్య తేడా అసలు తేడానే కాదు. 31 మాత్రం తప్పు.

ఒక పని చేయండి. ఒకే గ్లాసులో ట్యాంకు నీళ్ళు తీసుకుని, తీసిన వెంటనే, దాంతోనే మూడుసార్లు టెస్టు చేయండి. తర్వాత మీ ఆర్‌ఓ నీళ్ళతో ఒకసారి. ఆ నాలుగు నంబర్లు ఇక్కడ పెట్టండి.


రీఫ్ రాకెట్:

ఇంత గోల ఎందుకు బ్రో, ఒక శాంపిల్ ఐసీపీకి (ప్లాస్మాతో మూలకాలు కొలిచే ల్యాబు టెస్టుకు) పంపు. పక్కాగా వస్తుంది, గొడవ వదిలిపోతుంది.


ల్యాబ్ పిల్ల:

రాకెట్ గారూ, ఐసీపీ చాలా మూలకాలకు బంగారం. ఫాస్ఫేట్‌కు మాత్రం కాదు. అది ప్లాస్మాలో అన్నిటినీ విడగొట్టి మొత్తం ఫాస్ఫరస్‌ను కొలుస్తుంది, అది ఫాస్ఫేట్‌గా ఉందా, సేంద్రియ పదార్థాల్లో ఇరుక్కుని ఉందా అనేది దానికి తెలియదు. ఇంట్లో కిట్ చూసేది రంగు తెప్పించగల ఫాస్ఫేట్‌ను మాత్రమే. రెండూ కలవకపోతే ఎవరిదీ తప్పు కాదు, అడిగిన ప్రశ్నలే వేరు. పైగా శాంపిల్ సీసా పోస్టులో రోజుల తరబడి తిరుగుతుంది, లోపల బ్యాక్టీరియా ఉపవాసం ఉండదు కదా. వాళ్ళు కొలిచేసరికి అవి మీ ట్యాంకు నీళ్ళుగా ఉండవు.


జీరో దెబ్బ తిన్నవాడు:

తమ్ముడూ, అందరూ టెస్టు గురించి చెప్పారు, నేను ఆ కప్పు గురించి చెప్తా.

నా పాత ట్యాంకులో ఫాస్ఫేట్ 0.18 ఉండేది. నీలాగే హెయిర్ ఆల్గే, నీలాగే కోపం. రియాక్టర్ నిండా జీఎఫ్ఓ పోసి పడుకున్నా. మూడు రోజుల్లో మీటర్ 0.00 చూపించింది, గెలిచాననుకున్నా. నాలుగో రోజు బర్డ్స్‌నెస్ట్ కొసలు తెల్లబడ్డాయి, వారానికి మాంసం ఊడి అస్థిపంజరం మిగిలింది. పదిహేనో రోజుకు ఇసుక మీద గోధుమ రంగు జిగురు, దాని నిండా బుడగలు, చీమిడి వేలాడినట్టు తీగలు తీగలుగా. మైక్రోస్కోపులో పెట్టి చూస్తే ఏదో మేకుకు కట్టేసినట్టు ఒక్కచోటే గిరగిరా తిరుగుతున్నాయి. డైనోలు, అంటే డైనోఫ్లాజెల్లేట్లనే ఏకకణ జీవులు. ఆస్ట్రియాప్సిస్ అనే రకం. నత్తలు ఒక్కొక్కటీ రాలిపోయాయి. హెయిర్ ఆల్గే కంటికి నచ్చదు, అంతే, డైనోలు ట్యాంకును ఖాళీ చేయిస్తాయి.

దాంట్లోంచి బయటపడడానికి ఐదు నెలలు పట్టింది, నమ్ముతావో లేదో గానీ చివరికి నేనే ఫాస్ఫేట్ కొని నీళ్ళలో పోసుకున్నా. తీయడానికి ఒకసారి ఖర్చు, పోయడానికి ఇంకోసారి.

సున్నాకు భయపడు. 0.14కి కాదు.


పగడాల తాత:

దెబ్బ తిన్నవాడి మాటకు నాదీ వంత, ఒక చిన్న సవరణతో. జీఎఫ్ఓ చెడ్డది కాదు, తొందర చెడ్డది. అతను గోటితో పోయేదానికి గొడ్డలి తీశాడు, అంతే తేడా. నేను పదేళ్ళుగా వాడుతున్నా, డబ్బా మీద రాసినదాంట్లో నాలుగో వంతుతో మొదలుపెట్టి, నీళ్ళు మెల్లగా పారించి, వారం వారం కొలుచుకుంటూ.

కొత్తోడా, ఇంకో సంగతి నీకు ముందే తెలిసుంటే మంచిది, లేకపోతే రేపు మళ్ళీ మీటర్‌ను తిడతావు. నీ రాళ్ళు, ఇసుక అన్నీ కాల్షియం కార్బొనేటే. ఫాస్ఫేట్‌కు దానిమీద భలే ప్రేమ, పోయి అంటుకుంటుంది. నీళ్ళలో ఎక్కువున్నంత కాలం రాయి పీల్చుకుంటూ ఉంటుంది, నువ్వు నీళ్ళలోంచి తీయగానే రాయి తిరిగి వదలడం మొదలుపెడుతుంది. అందుకే చాలామందికి జీఎఫ్ఓ వేసిన మర్నాడు 0.05 వచ్చి, నాలుగు రోజులకు మళ్ళీ 0.12 వస్తుంది. టెస్టు తప్పు, మీడియా (జీఎఫ్ఓ లాంటి వడపోత సరుకు) నకిలీ అని గోల పెడతారు. రెండూ కావు. బావిలోంచి చేదితే ఊట ఊరినట్టు, రాయిలోంచి ఊరుతోంది.

ఆల్గే ఉన్న ట్యాంకులో దీనికి వ్యతిరేకం కూడా జరుగుతుంది. నీళ్ళలో పడిన ఫాస్ఫేట్‌ను ఆల్గే అక్కడికక్కడే మింగేస్తే, నీ సీసాలోకి వచ్చేది దాని ఎంగిలి. కాబట్టి ఎవరైనా ట్యాంకు నిండా గడ్డి పెట్టుకుని, ఫాస్ఫేట్ 0.01 అని చూపించి, చూశారా నా నీళ్ళు ఎంత శుభ్రమో అంటే నేను నమ్మను. టెస్టు చెప్పేది ఎంత వచ్చిందని కాదు, ఎంత మిగిలిందని.


ఉప్పునీటి కొత్తోడు:

జీఎఫ్ఓ తీసి డబ్బాలో పెట్టేశా. ల్యాబ్ గారు చెప్పినట్టే చేశా, ఇవాళ పొద్దున తిండి వేయకముందు. ఒకే గ్లాసు నీళ్ళు, ఒకే సీసా, కళ్ళజోడు తుడిచే గుడ్డతో తుడిచి.

44, 47, 45.

మూడూ ఇంత దగ్గరగా వస్తాయని అనుకోలేదు. మొన్న ప్యాకెట్‌ను ఊరికే దులిపి వదిలేశా, ఇవాళ మూలలు చూస్తే నిజంగానే పొడి ఉంది.

కానీ అసలు దొంగ దొరికాడండీ! ఆర్‌ఓ నీళ్ళు 19 చూపించాయి. 0.058. టీడీఎస్ (కరిగిన లవణాల) మీటర్ పెడితే 4 వచ్చింది, ఆర్‌ఓ తర్వాత మిగిలినవాటిని పట్టే డీఐ రెసిన్ రంగు ఎప్పుడో మారిపోయింది, నేను గమనించలేదు. ఇన్నాళ్ళూ నేనే రోజూ ఫాస్ఫేట్ పోస్తున్నా. రెసిన్ మార్చా, కొత్త నీళ్ళు 1 చూపించాయి. కేసు క్లోజ్ అనుకోవచ్చా?


ల్యాబ్ పిల్ల:

రెసిన్ మార్చడం మంచి పని, అయిపోయిన రెసిన్ పట్టుకున్నవాటిని తిరిగి వదిలేస్తుంది, సిలికేట్, ఫాస్ఫేట్ రెండూ. కేసు మాత్రం క్లోజ్ కాదు. లెక్క వేద్దాం.

రోజుకు ఎన్ని లీటర్లు ఆవిరైపోతే నింపుతున్నారు? మూడు అనుకుందాం. 0.058 చొప్పున మూడు లీటర్లలో 0.17 మిల్లీగ్రాముల ఫాస్ఫేట్. వారానికి 1.2 మిల్లీగ్రాములు. 200 లీటర్లలో కలిపితే 0.006 పీపీఎం. మీ మీటర్‌కు కనిపించనంత.

ఇప్పుడు తిండి. పొడి తిండి బరువులో సుమారు ఒక శాతం ఫాస్ఫరస్ ఉంటుంది, బ్రాండును బట్టి కొంచెం ఎక్కువే ఉండొచ్చు. ఒక గ్రాము తిండిలో 10 మిల్లీగ్రాముల ఫాస్ఫరస్ అంటే ఫాస్ఫేట్‌గా 30 మిల్లీగ్రాములు. మీ ట్యాంకు మొత్తంలో ఇప్పుడు ఉన్న ఫాస్ఫేట్ ఎంతో తెలుసా? 0.14 ఇంటూ 200, అంటే 28 మిల్లీగ్రాములు. ట్యాంకంతా కలిపి ఒక గ్రాము తిండి!

అంతా నీళ్ళలోకే రాదు లెండి, చేప ఒంట్లోకి కొంత, బ్యాక్టీరియాలోకి కొంత, స్కిమ్మర్ (నురగతో మురికి తీసే పరికరం) కప్పులోకి కొంత పోతుంది, మీ ఆల్గే సంగతి సరేసరి. అయినా దొంగ ఎవరో తెలిసిపోలేదూ? మీరు రోజుకు ఎంత వేస్తున్నారో తూకం వేశారా ఎప్పుడైనా?


ఉప్పునీటి కొత్తోడు:

తూకమా? చిటికెడు వేస్తా, పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి. వారానికి మూడుసార్లు ఫ్రోజెన్ తిండి క్యూబ్.

ఆగండి, చిన్న కాటా ఉంది, చూసి చెప్తా.

...

ఒక చిటికెడు 0.4 గ్రాములు వచ్చింది. రెండు పూటలా కలిపి 0.8. నాలుగు చిన్న చేపలకు. ల్యాబ్ గారి లెక్కన రోజుకు 24 మిల్లీగ్రాములు, అంటే ఎక్కడికీ పోకపోతే ట్యాంకులో రోజుకు 0.12 పెరగాలి. నేను ఫాస్ఫేట్ టెస్టు గురించి అడిగితే నా చిటికెకు టెస్టు పెట్టారు మీరు.

వాటర్ చేంజ్ పెంచితే? ఇప్పుడు రెండు వారాలకు 20 శాతం చేస్తున్నా.


పగడాల తాత:

చేయి, వద్దనను. కానీ 20 శాతం మార్చితే 0.14 కాస్తా 0.112 అవుతుంది, అంతకంటే తగ్గదు, ఆ తగ్గినదాన్ని రాయి రెండు రోజుల్లో పూడ్చేస్తుంది. నీళ్ళు మార్చడం మిగతావాటికి మంచిది, ఫాస్ఫేట్‌కు అది చెంచాతో చెరువు తోడడం.

నీ చిటికెడు సగం చెయ్యి. నాలుగు చేపలు రోజుకు 0.4 గ్రాములతో దర్జాగా బతుకుతాయి. క్యూబ్ కరిగించి ఆ నీళ్ళు పారబోస్తే పారబోయి, కానీ దాంతో పెద్దగా ఒరిగేదేం లేదు, ఫాస్ఫరస్ ఎక్కువగా ఉండేది ఆ ముక్కల్లోనే గానీ ఆ రసంలో కాదు. ఆల్గేను చేత్తో పీకి బయట పారెయ్, ట్యాంకులోనే వదిలిపెట్టకు. అది తిన్న ఫాస్ఫేట్ అంతా దాంతోపాటే బయటికి పోతుంది, అంతకంటే చవకైన మీడియా లేదు.

టెస్టు వారానికి ఒకసారి, అదే రోజు, అదే వేళ, తిండి వేయకముందు. రోజూ కొలవకు. రోజూ కొలిస్తే 44 నుంచి 47 అయిందని నిద్ర పట్టదు నీకు, నీ సంగతి నాకు అర్థమైంది.


రీఫ్ రాకెట్:

లాంథనమ్ వేస్తే ఒక్క పూటలో దిగిపోతుంది కదా, ఎందుకిన్ని తిప్పలు?


జీరో దెబ్బ తిన్నవాడు:

రాకెట్ అన్నా, నువ్వు పేరుకు తగ్గట్టే ఉన్నావు. లాంథనమ్ క్లోరైడ్ ఫాస్ఫేట్‌ను గట్టి తెల్లటి మడ్డిగా మారుస్తుంది, నిజమే. ఆ మడ్డిని పట్టుకోవడానికి 5 లేదా 10 మైక్రాన్ల సాక్ (వడపోత సంచి) పెట్టి, దాంట్లోకే చుక్కచుక్కగా వదలాలి. తప్పించుకున్నది ట్యాంకులో మబ్బులా తేలితే చేపల మొప్పలకు ఇబ్బంది, టాంగ్ చేపలు ముందు పడతాయి అంటారు. పెద్ద పెద్ద ట్యాంకుల వాళ్ళు జాగ్రత్తగా వాడుకుంటారు. 0.14 కోసం, అదీ మొన్నటిదాకా యూనిట్లు తప్పు చదివిన మనిషి చేతికి ఆ సీసా ఇవ్వమంటావా? తమ్ముడూ ఏమనుకోకు.


ఉప్పునీటి కొత్తోడు:

ఏమనుకోను అన్నా, నిజమే కదా.

ల్యాబ్ గారూ, ఒక చివరి డౌటు. మూడుసార్లు ఒకే నంబర్ రావడం అంటే అది సరైన నంబర్ అనేనా? మూడుసార్లూ ఒకే తప్పు చేయొచ్చు కదా.


ల్యాబ్ పిల్ల:

చాలా మంచి ప్రశ్న, మా ల్యాబులో కొత్తగా చేరినవాళ్ళు ఏడాదికి అడిగే ప్రశ్న. కాదు. మూడూ కలవడం మీ చెయ్యి నిలకడగా ఉందని చెప్తుంది, నంబర్ నిజమని చెప్పదు. దానికి ఎంత ఉందో ముందే తెలిసిన నీళ్ళను కొలవాలి. మీటర్‌తో అమ్మే చెకింగ్ సీసాలు మీటర్ లోపలి దీపం, కన్ను బాగున్నాయా లేదా అని మాత్రమే చూస్తాయి, మీ పొడి పనిచేస్తోందో లేదో చూడవు.

అలాంటి తెలిసిన నీళ్ళను స్టాండర్డ్ అంటాం, ఇంట్లోనే చేసుకోవచ్చు. మోనోపొటాషియం ఫాస్ఫేట్ కావాలి, ఎరువుల్లో 0-52-34 అని వచ్చేది అదే. 1.43 గ్రాములు తూచి ఒక లీటరు శుభ్రమైన ఆర్‌ఓ డీఐ నీళ్ళలో కరిగిస్తే 1000 పీపీఎం ఫాస్ఫేట్. అందులోంచి ఒక మిల్లీలీటరు సిరంజితో తీసి ఇంకో లీటరు నీళ్ళలో కలిపితే 1 పీపీఎం. దాంట్లోంచి పది మిల్లీలీటర్లు తీసి మొత్తం వంద చేస్తే 0.1. దాన్ని కొలిస్తే మీ ఫాస్ఫరస్ మీటర్‌లో 33 దగ్గర రావాలి. 27 నుంచి 39 మధ్య వస్తే మీటర్, పొడి, చెయ్యి మూడూ బాగున్నట్టే. ఉప్పునీళ్ళకూ మామూలు నీళ్ళకూ కొద్దిగా తేడా ఉండొచ్చు, మన పనికి అది అడ్డం కాదు. 0.1 నీళ్ళు ఆ రోజే చేసి ఆ రోజే వాడండి, అంత పలచటి ద్రావణం దాచుకోవడానికి పనికిరాదు. 1000 సీసా మీద పేరు, తేదీ పెద్దగా రాయండి, ఎవరూ పొరపాటున ట్యాంకులో పోయకుండా.


ఉప్పునీటి కొత్తోడు:

ఆరు వారాల తర్వాత వచ్చా, తిట్టకండి.

స్టాండర్డ్ చేశా. 35 వచ్చింది. బతికిపోయా.

ట్యాంకు ఆదివారం నంబర్లు ఇవి, అన్నీ తిండికి ముందే: 45, 43, 44, 38, 34, 29. మధ్యలో ఒక వారం 44కి మళ్ళీ ఎక్కినప్పుడు కప్పు తీసి పోసేద్దామా అనిపించింది, తాతగారి బావి ఊట గుర్తొచ్చి ఆగా. నాలుగో వారం నుంచి నాలుగో వంతు జీఎఫ్ఓ పెట్టా, మెల్లగా పారేలా. ఇప్పుడు 29 అంటే 0.089. హామర్లు బాగా ఉబ్బుతున్నాయి, బర్డ్స్‌నెస్ట్ కొసలు అలాగే గులాబీ రంగులో ఉన్నాయి. ఆల్గే పూర్తిగా పోలేదు గానీ ఇదివరకు గట్టిగా పట్టుకునేది, ఇప్పుడు లాగితే ఊడి వచ్చేస్తోంది, నత్తలు కూడా దాని జోలికి వెళ్తున్నాయి.

పొడి ప్యాకెట్లు అయిపోవచ్చాయి, కొత్త డబ్బా తెప్పించా.


పగడాల తాత:

0.06 దగ్గరికి రాగానే జీఎఫ్ఓ తీసెయ్యి. ఇంకా దించాలని చూడకు.


ల్యాబ్ పిల్ల:

పాత ప్యాకెట్లు రెండు మిగిల్చి ఉంచండి. కొత్త డబ్బా తెరిచిన రోజు ఒకే గ్లాసు నీళ్ళతో పాత పొడి ఒకసారి, కొత్త పొడి ఒకసారి చేసి చూడండి. రెండింటి మధ్య నాలుగైదు తేడా వస్తే పుస్తకంలో ఆ తేదీ దగ్గర బ్యాచ్ మారిందని రాసుకోండి, లేకపోతే వచ్చే నెల ఫాస్ఫేట్ పెరిగిందని మళ్ళీ ఇక్కడికే వస్తారు.